ఇంజను లేని బండికి వేడి

బళ్ళారిలో చలికాలం ఉందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఏడాదిలో పది నెలలు మా ఊళ్ళో గోడకు ఆనుకున్న మనిషి వీపు మీద గోడ అచ్చు పడుతుంది. మిగిలిన రెండు నెలలు మాత్రం తెల్లవారుజామున హగరి ఏటి మీది నుంచి ఒక గాలి వస్తుంది. ఆ గాలికి పళ్ళు లేని ముసలివాళ్ళ చిగుళ్ళు కూడా టకటకా కొట్టుకుంటాయని నేను చాలామందికి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మా బావ ఒక్కడు నమ్మాడు. ఆ గాలికి ఎదురుగా రోజూ పదిహేను కిలోమీటర్లు పోవలసినవాడు ఆయనే.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. ఇరవై ఏళ్ళకు పైగా లారీ తోలాడు. ఇనుప గనులు జోరుమీదున్న ఆ కాలంలో మా రోడ్ల మీద రెండే రకాల మనుషులు కనిపించేవారు, లారీలో ఉన్నవాళ్ళు, లారీకి అడ్డం వచ్చినవాళ్ళు. మా బావ మొదటి రకం. ఆయన హారన్ కొడితే ఆంధ్రా చెక్‌పోస్టు గేటు దగ్గర గేదె పక్కకు తప్పుకునేదని, కర్ణాటక గేటు దగ్గర అధికారి తప్పుకునేవాడని నేనే ఊరంతా ప్రచారం చేశాను. ఒకరోజు లోడింగ్ దగ్గర నిలబడి ఉంటే, పైనుంచి దిమ్మరిస్తున్న ఖనిజంలో నుంచి గోరంత రాయి ఎగిరి వచ్చి ఎడమ కంట్లో పడింది. కన్ను పోయింది. దానితో పాటే పెద్ద బండ్ల లైసెన్సూ పోయింది. ఈ రెండు వాక్యాల్లో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

ఏడాది పాటు ఇంట్లో కూర్చున్నాడు. మనిషి కూర్చున్నట్టు కాదు, చెడిపోయిన లారీ రోడ్డు మీద నిలబడ్డట్టు, వచ్చేపోయేవాళ్ళందరికీ అడ్డంగా. ఆ తర్వాత హగరి దగ్గర ఒక ఖనిజం యార్డులో కాటా మీద పని దొరికింది. లారీ వచ్చి పెద్ద ఇనుప పలక మీద నిలబడుతుంది, ఈయన తూకం చూసి చీటీ రాసి ఇస్తాడు. ఒంటికన్ను డ్రైవరుకు అంతకంటే మంచి కుర్చీ ఆ జిల్లాలో లేదు. ఒకటే షరతు. పొద్దున ఏడు గంటలకు ఆ కుర్చీలో ఉండాలి. రాత్రంతా వచ్చి చేరిన లారీలు గేటు బయట కిలోమీటరు పొడుగున నిలబడి ఉంటాయి. కాటా తెరవడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ డ్రైవర్లు తిట్టే తిట్లకు చెట్ల మీది కాకులు లేచిపోతాయి.

మొదటి బస్సుకు పోతే ఏడున్నర అవుతుంది. అదే దారిలో పోయే లారీలు వందల్లో ఉన్నాయి, చెయ్యెత్తితే చాలు, అందరూ తెలిసినవాళ్ళే ఆపుతారు. ఆ మాట అన్నందుకు మా అక్క ఒక పూటంతా తిట్లు తిన్నది.

“నేను పోయి క్లీనర్ సీట్లో కూర్చోవల్లనా? నా కింద క్లీనర్లుగా పనిజేసినోళ్ళు తోల్తాంటే, నేను పక్కన కూర్చోని అద్దం తుడవల్లనా?”

“తుడవద్దులేప్పా. ఊరికే కూర్చో” అంది అక్క.

“ఊరికే కూర్చునేదానికి ఇల్లు ఉండాది గదా!”

అందుకని అక్కే ఎక్కడో విని, లైసెన్సు అక్కర్లేని బండి ఒకటి తెప్పించింది. కరెంటుతో చార్జింగ్ పెట్టుకునే బండి. అప్పుడప్పుడే మా ఊళ్ళోకి వస్తున్నాయి. ముందు చూస్తే స్కూటరులాగా, వెనక చూస్తే సగం ఎండిపోయిన మేకలాగా ఉండేది. దానికి నంబరు ప్లేటు లేదు, పొగ లేదు, శబ్దం లేదు. దానికి కుక్కలతో పరుగు పందెం పెడితే కుక్కలే జాలిపడి వెనక ఆగేవి. బావ మొదటిసారి తాళంచెవి తిప్పి, బండికి చెవి ఆనించి విని, నా వైపు తిరిగాడు.

“ఏంది బామ్మర్దీ ఇది? స్టార్టయిందా, సచ్చిందా?”

“స్టార్టయింది బావా. లైటు సూడు.”

“లైటు సమాధి కాడ గూడా ఎలుగుతాది. సౌండేది?”

అయినా ఎండాకాలం, వానాకాలం ఆ బండి మర్యాదగా ఆయన్ని యార్డుకు చేర్చింది. అక్కడ కాటా గదిలో మళ్ళీ చార్జింగ్ పెట్టుకుని సాయంత్రం తిరిగి వచ్చేవాడు. కార్తీకం వెళ్ళి చలి మొదలయ్యాక ఒకరోజు, ఏటి వంతెన దాటి యార్డు ఇంకా కిలోమీటరు ఉందనగా బండి ఆగిపోయింది. తోసుకుంటూ పోయేసరికి ఏడూ పది. సూపర్వైజరు ముప్పై ఏళ్ళు నిండని కన్నడ అబ్బాయి. తిట్టలేదు. గడియారం చూపించి, “ఏనప్పా, టైం ఎష్టాయ్తు?” అన్నాడంతే. టైమెంతైందని. ఇరవై ఏళ్ళు లారీ తోలిన మనిషి తలవంచుకుని పోయి కుర్చీలో కూర్చున్నాడట.

ఆ సాయంత్రమే బావ నా అంగడికి వచ్చాడు. గాంధీనగర్ దాటాక రోడ్డు పక్కన నాది టార్పాలిన్లు కుట్టే అంగడి. ఆ రోజుల్లో లారీల మీద కప్పే టార్పాలిన్లు నేను ఎన్ని కుట్టానంటే, అన్నీ పరిస్తే బళ్ళారి కోట మీద ఎండ పడకుండా ఆపవచ్చు. ఆ టార్పాలిన్ల కింద నుంచి ఖనిజం దుమ్ము ఎట్లాగూ ఎగిరేది. మా అంగడిలో టీ ఎర్రగా ఉండేది, పాలు పోయకముందూ పోసిన తర్వాతా.

“చలికాలం వచ్చె బామ్మర్దీ. బండిని తయారు జేయల్ల” అన్నాడు.

“ఏం జేద్దాం బావా?”

“లారీకి ఏం జేస్తాం? ముందర గోనెపట్టా కడతాం, రేడియేటర్‌కి చలిగాలి కొట్టకుండా.”

“దీనికి రేడియేటర్ యాడుండాది?”

“అది లేకపోతే లేదు. చలి ఉండాది గదప్పా!”

నేను గోనెపట్టా కుట్టాను. ఒక్క పట్టా ఏం సరిపోతుందని రెండు పొరలు వేశాను. సీటు కింద ఉన్న బ్యాటరీలకు కురుబలు నేసే గొంగడి ముక్క కత్తిరించి చుట్టాం. పసిబిడ్డకు స్నానం చేయించి గుడ్డ చుట్టినట్టు బావ ఆ నాలుగు బ్యాటరీలకూ నాలుగు గుడ్డలు విడివిడిగా చుట్టి, పైన ఒక పెద్దది చుట్టాడు. ఇక మనిషి సంగతి. పాత టార్పాలిన్ మెత్తబడింది ఒకటి ఏరి, లోపల గొంగడి వేసి, మోకాళ్ళ దాకా వచ్చే కోటు కుట్టాను. అది వేసుకుంటే ఆయన మనిషిలా కాక, ఎవరో కట్టి పెట్టిన లోడులా కనిపించేవాడు. తలకు కోతి టోపీ, దాని మీద మఫ్లరు, ఉన్న కంటికి దుమ్ము పడకుండా వెల్డింగ్ పనివాళ్ళు పెట్టుకునే తెల్లద్దాలు. మంచు పడిన రోడ్డు మీద ఖనిజం పొడి జావలాగా తయారవుతుంది. అది టైరుకు పడితే బండి రోడ్డు మీద పోదు, వెన్న మీద పోతుంది. అందుకని వెనక టైరుకు కొబ్బరి తాడు చుట్టాం.

శబ్దం లేని బండి మంచులో పోతుంటే వెనక లారీవాడికి ఏం తెలుస్తుంది? ఆ భయం మా అక్కది. ఆమె ఎక్కడి నుంచో ఎద్దుల మెడలో కట్టే గంటల పట్టీ తెచ్చి ఇచ్చింది. అది హ్యాండిలుకు కట్టాం. ఇక బావ బయల్దేరితే పెళ్ళిబండి పోతున్నట్టుండేది. మంచులో ఒక లారీవాడు ఎద్దులబండి అనుకుని పది నిమిషాలు వెనకే మెల్లగా తోలి, దగ్గరికి వచ్చి చూసి, “ఎద్దులు యాడప్పా?” అని అడిగాడట. “తెక్కలకోటలో మేస్తాండాయి” అన్నాడట బావ. ఆ మాట చెప్పినప్పుడు కన్ను పోయాక మొదటిసారి ఆయన నవ్వడం చూశాను.

బండినీ మనిషినీ ఇంతగా తయారు చేశాక, సరిగ్గా వారానికి, బండి వంతెన మీదనే ఆగిపోయింది. ఈసారి రెండు కిలోమీటర్లు ముందే. గంటలు, గోనె, గొంగడి, తాళ్ళు, టార్పాలిన్ కోటు, అన్నీ కలిపి తోసుకుంటూ పోయేసరికి ఏడున్నర. సూపర్వైజరు ఈసారి గడియారం చూపించలేదు. “ఇన్నొందు సల లేట్ ఆదరె బర్లే బేడప్పా” అన్నాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రావద్దని. ఆ కుర్చీ కోసం గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు రోజూ వచ్చి నిలబడి పోతున్నారని కూడా చెప్పాడు.

ఆ రాత్రి మా అక్క ఇంట్లో కూర్చున్నాం. నేను చలిని తిట్టాను. బావ బ్యాటరీ చేసినవాణ్ణి తిట్టాడు. బండి అమ్మిన అంగడి అప్పటికే మూసేశారు కాబట్టి వాళ్ళనూ తిట్టాం, ఖర్చు లేని పని కదా. అక్క సంగటి కెలుకుతూ అంతా విని, తెడ్డు పక్కన పెట్టింది.

“నాకు తెలీక అడుగుతాండా. పొద్దున్నే అయిదు గంటలకి చార్జింగ్ పీకేసి, అర్ధగంట స్టాండ్ మీద చక్రం తిప్పుతాండావే, అది దేంతో తిరుగుతాండాది?”

ఇది చెప్పాలి మీకు. మా వైపు లారీ డ్రైవర్లకు ఒక నియమం ఉంది. చలికాలంలో బండి ఊరికే కదిలించరు. ఇంజను స్టార్ట్ చేసి, అది వేడెక్కేదాకా నిలబెట్టి, ఆ లోపల మొహం కడుక్కుని, ఊదుబత్తి వెలిగించి, టీ తాగి, ఇంజను శబ్దం మారిందని చెవికి తెలిశాకే గేరు వేస్తారు. క్లీనరుగా చేరిన మొదటి చలికాలమే గురువు ఇది నేర్పుతాడు. చల్లని బండి కదిలించినవాడి వీపు వేడెక్కుతుంది. మా బావ ఆ నియమం ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. ఈ బండికీ తప్పలేదు. స్టాండ్ వేసి, వెనక చక్రం గాల్లో ఉండగా, లైటు వేసి, అర్ధగంట తిప్పేవాడు. కీళ్ళు వదులవుతాయని ఆ తర్వాత వీధి చుట్టూ రెండు రౌండ్లు కొట్టేవాడు. రాత్రి కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో, ఆ తెల్లవారుజామున ఉన్న కాస్త కరెంటు కూడా వదులుకుని.

“కరెంటుతో తిరుగుతాది. దేంతో తిరుగుతాది?” అన్నాడు బావ.

“ఆడ తిరిగిన కరెంటు మల్ల దోవలోకి వస్తాదా?”

“నువ్వు సంగటి సంగతి సూడు. బండ్ల సంగతి నాకు జెప్పొద్దు. ఇంజను వేడిగాకుండా బండి తీసేది మా గురువు నేర్పలే.”

“దీనికి ఇంజనే లేదు గదప్పా!”

బావ నా వైపు తిరిగాడు. “ఏం బామ్మర్దీ, నువ్వు జెప్పు.”

బండ్ల విషయంలో ఆయన నా మాట వినేవాడు. అక్క మాట వినేవాడు కాదు, ఆమె చెప్పింది నిజమైనా సరే. నేను ఆమె మొహం చూశాను, ఆయన మొహం చూశాను, బావకు కోపం రాని మాట ఒకటి అన్నాను. “చలికి ఏ బండికైనా కొంచెం వేడి మంచిదే గదక్కా.”

అక్క సంగటి వైపు తిరిగింది. తెడ్డు మళ్ళీ తీసుకుంది.

ఆ ఆదివారం తెక్కలకోటలో ఒక చుట్టం దినానికి బావా అక్కా పోయారు. పొద్దున్నే వాళ్ళ ఇంటికి పోయాను. అక్క మాట చెవిలో జోరీగలాగా తిరుగుతూ ఉంది. గంటలు విప్పాను, గోనె విప్పాను, గొంగడి తీసి పక్కన పెట్టాను. చార్జింగ్ పీకిన నిమిషానికే, ఏ వేడీ పెట్టకుండా, ఏ రౌండూ కొట్టకుండా హగరి దారి పట్టాను. చలి నా చెవులు కోసి రోడ్డు మీద పడేసి పోయింది. బండి మాత్రం వంతెన దాటింది, యార్డు గేటు చేరింది. చార్జింగ్ చూపించే దీపాల్లో ఇంకా ఒకటి పచ్చగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు కూడా వంతెన దాకా లాక్కొచ్చింది. మిగతా దారి నేను దాన్ని లగేజి ఆటోలో వేసుకుని, ఎవరూ చూడకముందే ఇంట్లో పెట్టి, చార్జింగ్ తగిలించి, గోనె, గొంగడి, గంటలు ఎట్లా ఉన్నవి అట్లా కట్టాను. అక్క చెప్పిందే నిజం. చలి తిన్నది కొంచెం, మేం కట్టిన బరువు తిన్నది కొంచెం. మిగతాది తిన్నది ఆ అర్ధగంట.

సోమవారం ఐదు గంటలకల్లా చెప్పేద్దామని పోయాను. నిజంగానే పోయాను.

బావ అప్పటికే బండిని స్టాండ్ వేసి నిలబెట్టాడు. టార్పాలిన్ కోటు వేసుకుని, ఎడమ చెయ్యి సీటు మీద ఆనించి, కుడి చేత్తో యాక్సిలరేటర్ తిప్పుతూ, తల పక్కకు వంచి వింటున్నాడు. ఆ బండిలో వినడానికి ఏమీ లేదు. చక్రం తిరిగే సర్రుమనే చప్పుడు తప్ప ఏదీ లేదు. అయినా ఆయన వింటున్నాడు. ఇంట్లో కూర్చున్న ఏడాదిలో వంగిపోయిన వెన్ను నిటారుగా ఉంది. పాలు పోయడానికి వచ్చిన ముసలాయన, “ఏం డ్రైవరప్పా, బండి తయారా?” అన్నాడు. “ఇంగా కాలే పెద్దాయనా, ఇంకొంచెం వేడి గావల్ల” అన్నాడు బావ. ఆ గొంతు నేను లారీల కాలంలో విన్న గొంతు.

“బావా, నిన్న...” అన్నాను.

“ఏంది?”

“ఏం లేదు. గోనె ముడి సరిగుందా అని సూస్తాండా.”

ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. తర్వాత వీధి చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, గంటలు మోగించుకుంటూ పోయాడు. అక్క గడపలో నిలబడి ఉంది. ఆమె వైపు చూడకుండా నేను అంగడికి వెళ్ళిపోయాను. ఈ రోజు ఎట్లాగో చేరిపోతాడులే, సాయంత్రం నిదానంగా చెప్దాం అనుకున్నాను. నాలాంటివాళ్ళకు సాయంత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఏడు గంటల ప్రాంతంలో ఒక లారీ డ్రైవరు చినిగిన టార్పాలిన్ తెచ్చి అంగడి ముందు పడేశాడు. “మీ బావ ఏటి ఇవతలనే బండి తోసుకుంటా పోతాండె. ఎక్కు అన్నా, బండి పైన ఏస్తా అన్నా. ఎక్కలే. తల గూడా తిప్పలే” అన్నాడు.

ఏటి ఇవతల అంటే ఇంకా మూడు కిలోమీటర్లు. నేను లగేజి ఆటో మాట్లాడుకుని పోయాను. గంట పట్టింది. దారంతా లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి. యార్డు గేటు చేరేసరికి కాటా నడుస్తూ ఉంది. కిటికీలో నుంచి చూస్తే కుర్చీలో ఎవరో కొత్త మనిషి, తల వంచుకుని చీటీ రాస్తున్నాడు. చేతిరాత కుదరక రెండోసారి కొట్టేసి రాస్తున్నాడు.

బావ గేటు బయట బండి మీదే కూర్చుని ఉన్నాడు. కోటు విప్పలేదు. తోసిన చెమటకు లోపల గొంగడి తడిసి, ఆ చలిలో ఆయన ఒంట్లో నుంచి ఆవిరి లేస్తూ ఉంది. దగ్గితే ఎర్రగా ఉమ్మాడు. అది దుమ్మే. ఆ కాలంలో మా అందరి ఉమ్మీ ఆ రంగే. ఇద్దరం కలిసి బండిని ఆటోలో పడుకోబెట్టాం. ముందు సీట్లో డ్రైవరు పక్కన చోటుంది. బావ అక్కడ కూర్చోలేదు. వెనక బండి పక్కన, రేకు మీద, నాతో పాటే కూర్చున్నాడు.

వంతెన దాటాక అడిగాడు.

“నిన్న బండి తీసింటివా?”

అబద్ధం ఆడదామనుకున్నాను. నోట్లో అబద్ధాలు ఎప్పుడూ తయారుగా ఉండే మనిషిని. “తీసింటి బావా. ఎట్ల తెలిసె?”

“గొంగడి నేను చుట్టిన మాదిరి లేదు. పొద్దున్నే సూసినా. యాడిదాకా పోయింటివి?”

“గేటు దాకా.”

“వేడి జేసింటివా?”

“లేదు.”

ఆయన గోనెపట్టాలో ఊడిన దారం ఒకటి పట్టుకుని లాగుతున్నాడు. అది నా కుట్టే. అదంతా ఊడి వచ్చేసింది.

“మరి పొద్దున్నే జెప్పకపోతివే రా.”

నోటికొచ్చింది చెప్పి ఊరంతటినీ నవ్వించేవాణ్ణి, ఆ రోజు ఒక్క నిజం దొరికితే అది చెప్పాను. “ఆ బండి కాడ నిలబడింటే డ్రైవర్ మాదిరి ఉంటివి బావా. దాన్ని చెరిపేదానికి నోరు రాలే.”

“డ్రైవర్ మాదిరి” అన్నాడు. నవ్వాడేమోనని చూశాను. నవ్వలేదు. “మాదిరి ఉంటే ఏం, లేకపోతే ఏం? నాకు ఆ కుర్చీ కావాల్సి ఉండె. నువ్వు జెప్పింటే వింటాంటి. నీ మాట వినకుండా ఎవరి మాట వింటా?”

ఆటో ఇంటి ముందు ఆగింది. అక్క ఆటో చూసి, అందులో పడుకున్న బండిని చూసి, లోపలికి పోయి నీళ్ళు కాచింది. ఆయన్ని కాదు, నన్ను ఒకసారి చూసింది. ఆ చూపుకు నేను ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో భోజనానికి కూర్చుంటే తల ఎత్తను.

నెల తిరగకుండానే మా బావ రోడ్డు పక్కన కుప్పల దగ్గర ఖనిజం జల్లెడ పట్టే పనికి పోయాడు. ఆ పనికి ఏడు గంటల షరతు లేదు, సూపర్వైజరు లేడు. ఎప్పుడు పోయినా ఒక జల్లెడ ఖాళీగా ఉంటుంది. ఆడవాళ్ళ వరసలో, మఫ్లరు ముక్కుకు కట్టుకుని, ఉన్న ఒక్క కన్ను చికిలించుకుని నిలబడేవాడు. సాయంత్రానికి మనిషి మొత్తం ఎర్రగా అయ్యేవాడు. ఆ దుమ్ము ఎంత ఉండేదో, ఆ దగ్గు ఎన్నాళ్ళు ఉండిందో, అది మాత్రం నేను పెంచి చెప్పను.